పెద్దవాళ్ళ సంతకం

సోమవారం ఉదయం ఫారాలమ్మ కౌంటరు అద్దం పక్కకు జరిపేసరికే ఆ పిల్ల బయట బెంచీ మీద కూర్చుని ఉంది. పదకొండేళ్ళుంటాయేమో. పచ్చ గీతల స్కూలు చొక్కా, ఒళ్ళో సంచీ, సంచీ మీద రెండు చేతులు. వెంట వచ్చినవాళ్ళు ఎటైనా వెళ్ళారేమోనని ఫారాలమ్మ వీధి వైపు తొంగి చూసింది. ఎవరూ లేరు.

ఫారాలమ్మ ఆవిడ అసలు పేరు కాదు. పిల్లల హక్కుల సహాయ కార్యాలయంలో ఫారాలు టైపు చేసేదీ, ఇచ్చేదీ, నింపించేదీ, తప్పులుంటే తిప్పి పంపేదీ పందొమ్మిదేళ్ళుగా ఆవిడే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. జీతం కాగితం మీద ఇంకేదో పేరుంటుంది. అది చూసినప్పుడల్లా ఎవరిదో కాగితం తన చేతికి వచ్చినట్టుంటుంది ఆవిడకు. ఫారం విషయంలో ఆవిడ పట్టింపు అంతా ఇంతా కాదు. గడి దాటి అక్షరం బయటికి పోకూడదు. నల్ల సిరా తప్ప వాడకూడదు. ఏ గడీ ఖాళీగా వదలకూడదు, చెప్పడానికేమీ లేకపోతే "లేదు" అని రాయాలి. ఆ ఆఫీసు లాయరు గారంతటి మనిషి ఒకసారి ఆకుపచ్చ సిరాతో నింపి తెస్తే నవ్వుతూనే మళ్ళీ మొదటి నుంచి రాయించింది.

పిల్ల లేచి వచ్చి, ఫిర్యాదు ఇవ్వాలని చెప్పింది. ఎవరి మీద అని ఫారాలమ్మ అడగలేదు. ఒక ఫారం తీసి, పెన్ను మూత తీసి, రెండూ చేతికిచ్చింది. పిల్ల బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బెంచీనే బల్ల చేసుకుని రాయడం మొదలుపెట్టింది. ఒక్కో ప్రశ్ననూ పెదాలు కదుపుతూ చదువుకుని, కాసేపు ఆలోచించి, అప్పుడు పెన్ను దించేది. ఫారాలమ్మకు ముచ్చటేసింది. ఇంత కుదురుగా నింపేవాళ్ళు ఈ మధ్య పెద్దవాళ్ళలోనే కనబడటం లేదు.

కాగితం చేతికొచ్చాక చదివింది. తండ్రి పేరు అడిగే గడిలో "లేదు" అని ఉంది. తల్లి పోయి ఏడాది దాటింది. పిల్లను పెద్దమ్మ తన ఇంటికి తెచ్చుకుంది. ఇద్దర్నీ సాకలేనని ఐదేళ్ళ తమ్ముణ్ణి ఊరికి అవతలి వైపున్న పిల్లల వసతి గృహంలో చేర్చింది. మొదట్లో రెండు ఆదివారాలు పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా వాడు ఏడుస్తున్నాడని, అలవాటు పడనివ్వాలని ఆ తర్వాత మానేసింది. ఏడు నెలలైంది. "మేము ఏం చేయాలని కోరుకుంటున్నారు?" అన్న గడిలో, గీత దాటకుండా రెండు వాక్యాలున్నాయి. "నాకు మా తమ్ముణ్ణి చూడాలని ఉంది. వాడికి నేను గుర్తుండాలి."

ఫారాలమ్మ ఆ రెండు వాక్యాలనూ మళ్ళీ చదివింది. అయినా కళ్ళు అలవాటు కొద్దీ పేజీ అడుగుకు దిగాయి. అక్కడి గీత మీద ఏమీ లేదు.

"ఇక్కడ పెద్దవాళ్ళ సంతకం కావాలమ్మా" అంది వేలు పెట్టి చూపిస్తూ.

"మా పెద్దమ్మ పెట్టదండి."

నచ్చజెప్పి తీసుకురమ్మని చెప్పింది ఫారాలమ్మ. సంతకం లేకపోతే నంబరు వేయడం కుదరదని, నంబరు పడకపోతే కాగితం లోపలికి వెళ్ళదని, ఎన్నో వందలమందికి చెప్పిన మాటలనే కాస్త మెత్తగా చెప్పింది. పిల్ల తలూపింది. ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి నోటు పుస్తకంలో దాచుకుంది. పెన్నుకు మూత పెట్టి తిరిగి ఇచ్చింది. రెండడుగులు వేసి ఆగింది.

"మీరు పెద్దవాళ్ళే కదండీ?"

ఎత్తిపొడుపు కాదు. తెలుసుకుందామనే అడిగింది.

"నేను కౌంటరు మనిషిని తల్లీ" అంది ఫారాలమ్మ. అది సరైన జవాబేనని అప్పటికి అనిపించింది. పిల్ల మెట్లు దిగి, వీధి దాటి, పచ్చ చొక్కా కనబడనంత దూరం వెళ్ళేదాకా అద్దం మూయకుండా కూర్చుంది.

ఆ వారమే ఈ ఫారం ఆన్‌లైన్లోకి వెళ్ళాలి. గురువారం ఉదయం పదింటికి తెరుస్తామని లాయరు గారు పైవాళ్ళకు మాటిచ్చేశాడు. తయారు చేస్తున్నది ఫారాలమ్మ కోడలే. దుకాణాలకూ ఆసుపత్రులకూ ఇంటి దగ్గర్నుంచే ఇలాంటివి చేసిపెట్టడం ఆ అమ్మాయి వృత్తి. వారం రోజులుగా అత్తాకోడళ్ళు సాయంత్రం కాగానే భోజనాల బల్ల దగ్గర చేరి కంప్యూటరు ముందు కూర్చుంటున్నారు. వీళ్ళిద్దరూ పోట్లాడుకోకుండా అంతసేపు ఒకచోట కూర్చున్నారంటే చుట్టాలెవరూ నమ్మరు. నమ్మనక్కర్లేదు కూడా, పోట్లాడుకుంటూనే ఉన్నారు. కాకపోతే గడుల గురించి.

తప్పనిసరిగా నింపాల్సిన గడి పక్కన ఎర్ర చుక్క పెట్టాలి. అది నింపకపోతే ఫారం ముందుకు కదలదు. ఫారాలమ్మ అన్నిటికీ పెట్టమంది. కోడలు ఒక్కోదానికీ ఎందుకని అడిగేది. ఇంటి నంబరు తెలియని పిల్లలుండరా అత్తయ్యా, పుట్టిన తేదీ తెలియనివాళ్ళుండరా అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, సగం చుక్కలు తీయించింది. పెద్దవాళ్ళ సంతకం దగ్గర మాత్రం ఫారాలమ్మ ఒక్క మెట్టు దిగలేదు. తెర మీద సంతకం పెట్టే వీల్లేదు కాబట్టి దాని బదులు పెద్దవాళ్ళ ఫోన్ నంబరు అడిగేట్టు చేశారు. ఆ నంబరుకు మెసేజీ వెళ్తుంది. వాళ్ళు సరేనని ఒకటి నొక్కితే ఫిర్యాదు ఆఫీసుకు చేరుతుంది. కాగితం మీద ఉన్నదంతా ఒక్క ముక్క పోకుండా తెర మీదికి ఎక్కిందని ఫారాలమ్మ సంబరపడింది.

ఆ సోమవారం సాయంత్రం, పిల్లలకు అర్థమవుతుందో లేదో చూద్దామని మనవరాలిని కూర్చోబెట్టారు. దానికి ఎనిమిదేళ్ళు. నిజంగా రాయాలా, ఉత్తుత్తిగా రాయాలా అని అడిగింది. నీ ఇష్టం అన్నారు. అయితే ఇద్దరూ అటు తిరగండి అంది. తిరిగారు. ఒక్కో మీటా టిక్కుటిక్కుమని నొక్కుకుంటూ పావుగంట రాసింది. పెద్దవాళ్ళ ఫోన్ నంబరు దగ్గర దానికి కంఠతా వచ్చింది ఒక్కటే, ఎప్పుడైనా తప్పిపోతే చెప్పమని నానమ్మ బట్టీ పట్టించినది. అదే వేసి, పంపు అన్న చోట నొక్కింది.

ఫారాలమ్మ ఒళ్ళో ఫోను మోగింది. కళ్ళజోడు సర్దుకుని పైకే చదివింది. మీ సంరక్షణలో ఉన్న బాలిక ఒక ఫిర్యాదు నమోదు చేయదలచింది. ఎవరి మీద, నానమ్మ. విషయం, జడ గట్టిగా లాగి వేస్తుంది, నొప్పి అంటే ఇంకా గట్టిగా లాగుతుంది. అంగీకరిస్తే ఒకటి నొక్కండి.

కోడలు నవ్వు ఆపుకోలేక బల్ల మీదికి ఒరిగిపోయింది. ఫారాలమ్మా నవ్వింది. రావే నీ పని చెబుతాను, నా మీదే ఫిర్యాదా అంటూ చుట్టూ చూస్తే కుర్చీలో పిల్ల లేదు. తలుపు వెనక నిలబడి ఉంది. జడను గుప్పిట్లో పట్టుకుని, మెడ లోపలికి లాక్కుని ఉంది.

"దానికి చెప్తే నీకు చెప్పేస్తుందని నాకు తెలీదు నానమ్మా" అంది.

ఫారాలమ్మ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మనవరాలిని దగ్గరకు తీసుకుని, తల నిమిరి, ఏమీ అనననీ రేపటి నుంచి మెల్లగా వేస్తాననీ చెప్పి పంపించింది. తర్వాత చాలాసేపు ఆ మెసేజీనే చూస్తూ కూర్చుంది. పచ్చ గీతల చొక్కా పిల్ల ఈ ఫారం నింపితే ఈ ఫోను వాళ్ళ పెద్దమ్మ చేతిలో మోగుతుంది. పంపు అన్న చోట పిల్ల వేలు ఇంకా ఉండగానే మోగుతుంది. కాగితం అయినా ఇంతకంటే నయం, అది నోటు పుస్తకంలో దాగుతుంది.

"తీసేయమంటారా అత్తయ్యా?" కోడలు మెల్లగా అడిగింది.

"ఎలా తీస్తావు? అది రూలు."

"రూలు ఎక్కడుంది?"

"ఉంది."

"మీరు చూశారా?"

ఫారాలమ్మ ఫోనును బల్ల మీద బోర్లించింది. తెలియని సంగతి తెలియదని ఒప్పుకోవడానికి కోడలి ముందు ఏ అత్తగారికైనా కొంచెం టైము పడుతుంది.

మంగళవారం ఆవిడ లాయరు గారి గదిలోకి వెళ్ళి అదే ప్రశ్న ఆయన్ని అడిగింది. ఆయన మంచివాడే, ఎటొచ్చీ కుదురు లేని మనిషి. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ఫైలు, చెవిలో ఇంకెవరి గొంతో ఉంటేగానీ పనిచేస్తున్నట్టుండదు ఆయనకు. తాను వచ్చి ఆరేళ్ళయిందనీ, ఆ సంతకం అంతకు ముందు నుంచీ ఉందనీ, రూలు కాకపోతే ఎందుకుంటుందనీ అన్నాడు. అనుమానముంటే చూసుకోమని నియమాల పుస్తకం ఆవిడ చేతిలో పెట్టాడు.

ఫారాలమ్మ కౌంటరు దగ్గర కూర్చుని, మధ్యాహ్నం డబ్బా తెరవకుండా పుస్తకం మొత్తం చదివింది. పంక్తి కింద స్కేలు పెట్టుకుని, వరస తప్పకుండా చదివింది. పిల్లలు తమ పేరున తామే చెప్పుకోవచ్చని ఒకచోట ఉంది. చెప్పింది చెప్పినట్టు నమోదు చేయాలని ఒకచోట ఉంది. పెద్దవాళ్ళ సంతకం మాట ఎక్కడా లేదు. పుస్తకం పొరపాటయి ఉంటుందని మొదట అనుకుంది. అనుకుని మళ్ళీ చదివింది.

రికార్డు గది మెట్ల కింద ఉంటుంది. ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని, స్టూలు వేసుకుని, పై అర నుంచి ఆఫీసు పెట్టిన మొదటి ఏడాది కట్ట దింపింది. ముడి బిగిసిపోయి పళ్ళతో విప్పాల్సి వచ్చింది. అందులో మూడో ఫైల్లో దొరికింది, ఫారం తొలి రాతప్రతి. అప్పటి లాయరమ్మ పెన్సిలుతో రాసింది. ఆవిడ తర్వాత రెండేళ్ళకే వేరే ఊరు వెళ్ళిపోయింది. వంకరటింకర అక్షరాలతో తొమ్మిది ప్రశ్నలు. తొమ్మిదోది, మేము ఏం చేయాలని కోరుకుంటున్నారు. దాని కింద ఒక గీత గీసి, "ఇంతే" అని రాసి ఉంది.

ఆ కాగితానికి గుండుసూదితో గుచ్చి, దాని టైపు ప్రతి ఉంది. ఏ అక్షరం చూసినా తన పాత మిషనుదేనని తెలిసిపోతోంది, "ళ" తోక ఎప్పుడూ సగమే పడేది దానికి. తొమ్మిది ప్రశ్నలు ఉన్నాయి. "ఇంతే" లేదు. అది ఉండాల్సిన చోట, పేజీ అడుగున, చక్కగా కుడి అంచుకు సర్ది, సంరక్షకుల సంతకం అని ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం. అదే రోజు పొద్దున, ఎవరో అడిగితే, ఒక బడి పిల్లల విహారయాత్రకు అనుమతి పత్రాలు టైపు చేసి పెట్టింది. తర్వాత ఈ ఫారం చేతికి తీసుకుంది. తొమ్మిది ప్రశ్నలూ కొట్టాక అడుగున నాలుగు వేళ్ళ జాగా మిగిలిపోయింది. ఫారం బోసిగా, సగంలో ఆగినట్టు కనబడింది. ఫారం అన్నాక కింద సంతకం లేకుండా ఎలా అనుకుంది. పొద్దున కొట్టిన మాటే మళ్ళీ కొట్టింది. చూడ్డానికి నిండుగా ఉందని తృప్తిపడింది కూడా. లాయరమ్మ హడావిడిలో సరేనంది. మర్నాడు అచ్చుకు వెళ్ళింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫారమూ దాన్ని చూసి కొట్టిందే.

స్టూలు మీదే కూర్చుండిపోయింది ఫారాలమ్మ. నమోదయిన ఫిర్యాదులకు రిజిస్టరు ఉంది, ఏ ఏడు ఎన్నో ఇట్టే చెప్పగలదు. తిప్పి పంపినవాళ్ళకు రిజిస్టరు లేదు. తమ్ముళ్ళ కోసం వచ్చినవాళ్ళు, దెబ్బలు తిని వచ్చినవాళ్ళు, బడి మాన్పిస్తే వచ్చినవాళ్ళు, ఎంతమంది ఆ గీత దాకా వచ్చి ఆగిపోయారో లెక్క లేదు. ఒక్కొక్కరికీ ఎంత మెత్తగా చెప్పి పంపిందో మాత్రం గుర్తుంది. ఆ మెత్తదనం తలుచుకుంటేనే ఎక్కువ సిగ్గేసింది. ఆవిడ ఏడవలేదు. రెండు కాగితాలూ పట్టుకుని లేచింది.

లాయరు గారు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. చెవిలోది తీసి బల్ల మీద పెట్టాడు. మొదట నవ్వొచ్చింది ఆయనకు. ఆవిడ ముఖం చూసి మానేశాడు. కొంచెంసేపటికి, పోనీలెండి అన్నాడు. ఎలాగూ కొత్త ఫారం వస్తోంది, అందులో ఆ గడి లేకుండా చేస్తే సరిపోతుంది, పాత సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదు అన్నాడు.

"ఎందుకు తీస్తున్నామో ఫైల్లో రాయాలండి" అంది ఫారాలమ్మ.

"మీ మీద మీరే రాసుకుంటారా? వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి."

"ఊరికే తీసేస్తే, ఇంకో పదేళ్ళకు నాలాంటిదే ఇంకొకత్తె వచ్చి, జాగా ఉంది కదా అని మళ్ళీ పెడుతుందండి."

ఆయన తెల్ల కాగితం ఒకటి ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ అరపేజీ నోటు రాసుకొచ్చింది. నియమాల్లో లేని సంతకాన్ని టైపు చేసినప్పుడు తానే చేర్చానని, దాని మూలంగా పందొమ్మిదేళ్ళు పిల్లల్ని తిప్పి పంపామని, గడి దాటకుండా, నల్ల సిరాతో రాసింది. ఆయన రెండుసార్లు చదివి, "పంపానని" అని ముందు రాసి కొట్టేసిన చోట వేలు పెట్టి, ఇదెందుకు మార్చారని అడిగాడు. ఆఫీసు మొత్తం పంపింది కదండీ, నేను టైపు మాత్రమే చేశాను అంది. ఈసారి ఇద్దరూ కొంచెం నవ్వారు. ఆయన సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఎర్ర చుక్క పోయింది, ఫోన్ నంబరు పోయింది, మెసేజీ పోయింది. కోడలు మీట నొక్కగానే ఒక్క క్షణంలో మాయమైపోవడం చూసి ఫారాలమ్మకు ఒళ్ళు మండింది. అంత సులువా అనిపించింది. దాని బదులు రెండు కొత్త ప్రశ్నలు పెట్టారు. నీకు జవాబు ఎక్కడ, ఎప్పుడు చెప్పమంటావు అని ఒకటి. ఈ సంగతి తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఉంటేనే రాయి అని ఒకటి. ఆ రెండోది ఫారాలమ్మ సొంతంగా పెట్టించింది. దానికి చుక్క వద్దని, ఖాళీగా వదిలేసినా ఫరవాలేదని తానే చెప్పింది. కోడలు ఆశ్చర్యపోయి అత్తగారి నుదుటి మీద చెయ్యి వేసి జ్వరముందేమోనని చూసింది.

ఇంతా చేసి, కావలసింది ఆ పిల్లకు తెలియడం. పేరు గుర్తుంది. కానీ బడికి వెళ్ళి పేరు పెట్టి అడిగితే బడివాళ్ళు పెద్దమ్మకు కబురంపుతారు. బుధవారం ఒక పూట సెలవు పెట్టి, పచ్చ గీతల చొక్కాల బడి ఎక్కడుందో కనుక్కుని, ఫారం చిరునామా పెద్ద అక్షరాలతో రాసిన కాగితం పట్టుకుని వెళ్ళింది. లైబ్రరీ గదిలో పిల్లల కోసం మూడు కంప్యూటర్లున్నాయి. అక్కడి లైబ్రేరియన్ కాగితం చదివి, ఎవరి కోసమైనా ప్రత్యేకంగానా అని అడిగింది. అందరి కోసమూ అంది ఫారాలమ్మ. కంప్యూటర్ల పైన, కూర్చుంటే కళ్ళకు ఎదురుగా ఉండేంత ఎత్తులో, నాలుగు మూలలా తానే అంటించింది. పెద్దవాళ్ళ సంతకం అక్కర్లేదు అన్న వాక్యం కింద గీత గీసింది. గంట కొట్టాక వరండాలోకి వచ్చిన పచ్చ చొక్కాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆ పిల్ల కనబడలేదు.

గురువారం పదింటికి ఫారం తెరుచుకుంది. లాయరు గారు అందరికీ టీ తెప్పించాడు. ఫారాలమ్మ కౌంటరు మీద కొత్త తెర పెట్టారు. ఫిర్యాదు వస్తే అందులో పడుతుంది. రోజంతా అది తెల్లగా ఉంది. సాయంత్రం కరెంటు సరిగా ఉందో లేదోనని వెనక తీగలు కూడా చూసింది.

మనవరాలి జడ ఆ మూడు రోజులూ ఎంత వదులుగా వేసిందంటే బడికి చేరేలోపే ఊడిపోయేది. శుక్రవారం పొద్దున అదే వచ్చి, మరీ ఇంత మెల్లగా వద్దు నానమ్మా, కొంచెం గట్టిగా వెయ్యి అంది.

ఆ మధ్యాహ్నం, బడుల్లో అన్నాల గంట కొట్టిన కాసేపటికి, తెర మీద ఒక వరస పడింది. ఫిర్యాదు నంబరు ఒకటి.

ఫారాలమ్మ పేరు చూడగానే కుర్చీ ముందుకు లాక్కుంది. సోమవారం నాటి కాగితాన్ని పక్కన పెట్టుకుని చూసి రాసినట్టుంది, వాక్యాలన్నీ అవే. ఏడు నెలలు అన్నచోట మాత్రం ఏడు నెలల నాలుగు రోజులు అని మార్చింది. తండ్రి పేరు గడిలో "లేదు". జవాబు ఎక్కడ చెప్పమంటావంటే, లైబ్రరీలో, శనివారం ఆఖరి పీరియడ్. ఆ కిందిది ఆఖరి గడి. ఈ సంగతి తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా. చాలామంది ఖాళీగా వదిలేస్తారని కోడలు ముందే చెప్పింది. పిల్ల వదల్లేదు.

"ఉన్నారు. మీ ఆఫీసు కౌంటరు దగ్గర కళ్ళజోడు పెట్టుకునే ఆవిడ. ఆవిడకు అంతా తెలుసు. నేను రాసింది మొత్తం చదివింది. పెన్ను కూడా ఇచ్చింది. కానీ ఇంటికి పొమ్మంది."

ఫారాలమ్మ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. అక్షరాలు మారలేదు. గడికి పక్కన "దిద్దు" అని చిన్న బొమ్మ ఉంది. పిల్లలు తప్పులు రాస్తే సరిచేయడానికని తానే పట్టుబట్టి పెట్టించింది. ఈ కాగితం ఇప్పుడు లాయరు గారి దగ్గరికి, అక్కడి నుంచి సోమవారం ఫిర్యాదులు చూసే కమిటీ ముందుకు వెళ్తుంది. ఆఖరి వాక్యం ఒక్కటి తీసేస్తే పిల్లకు పోయేదేమీ లేదు. తమ్ముడి సంగతికీ దానికీ సంబంధం లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆవిడ చెవులు వేడెక్కాయి. చెప్పింది చెప్పినట్టు నమోదు చేయాలి అన్న నియమం స్కేలు పెట్టుకుని రెండుసార్లు చదివింది కదా. "నమోదు" నొక్కింది. కార్యాలయ వ్యాఖ్య అన్న చోట ఎప్పుడూ "పరిశీలనకు" అని కొట్టడం అలవాటు. ఈసారి, "నిజమే. సోమవారం వచ్చింది. తిప్పి పంపింది నేనే" అని కొట్టింది.

కాగితం అచ్చు తీసుకుని లాయరు గారి గదికి వెళ్ళింది. ఆయన నిలబడే చదవడం మొదలుపెట్టి, ఆఖరి గడి దగ్గరికి వచ్చేసరికి కూర్చున్నాడు. అక్కాతమ్ముళ్ళను కలవనివ్వకపోవడానికి ఎవరికీ హక్కు లేదని, పెద్దమ్మతో తాను మాట్లాడతానని, కానీ ముందు పిల్లనడిగి, పిల్ల సరేనన్నాకే మాట్లాడతానని చెప్పాడు. వసతి గృహానికి ఉత్తరం అప్పటికప్పుడే రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఫోను మాత్రం మీరే చేయండి అన్నాడు.

ఫారాలమ్మ కౌంటరుకు వచ్చి, అద్దం మూసి, నంబరు కలిపింది. వసతి గృహం వార్డెన్ మర్యాదగానే మాట్లాడాడు. ఉత్తరం వస్తే అభ్యంతరమేమీ లేదన్నాడు. పిల్లవాడు బాగానే ఉన్నాడని, ఆదివారం పొద్దున గేటు దగ్గర బెంచీ మీద ఊరికే కూర్చుంటాడని చెప్పాడు. వచ్చే ఆదివారమే పదింటికి రావచ్చన్నాడు.

"కానీ చిన్నపిల్లను ఒంటరిగా పంపకండమ్మా. వెంట పెద్దవాళ్ళెవరైనా ఉండాలి. ఎవరొస్తారు?"

"నేనొస్తానండి."

"మీరు ఆ పిల్లకేమవుతారు?"

ఎదురుగా అచ్చు కాగితం ఉంది. ఆఖరి గడి పైకి ఉంది.

"ఏమీ కానండి. పెద్దదాన్ని" అంది.

వార్డెన్ ఆవిడ పేరు అడిగాడు, రాసుకోవడానికి. ఫారాలమ్మ జీతం కాగితం మీది పేరు చెప్పింది, ఆయన మళ్ళీ అడిగితే ఇంకోసారి నిదానంగా చెప్పింది. వచ్చినప్పుడు ఇక్కడ ఒక ఫారం ఇస్తామని, దాని కింద పెద్దవాళ్ళు సంతకం పెట్టాల్సి ఉంటుందని ఆయన అన్నాడు.

"పెడతానండి" అంది ఫారాలమ్మ.